ఆ పసి ముఖం ఎవరిది?



పత్రికల్లోనూ, టీవీలోనూ, ఇప్పుడు సెల్‌ఫోన్లలోనూ తరచుగా ఒక జత ఫోటోలు కనిపిస్తుంటాయి. ఒక పక్క సినిమాలో నటించిన పసిబిడ్డ. పక్కనే పెరిగి పెద్దయిన అదే మనిషి. పైన 'అప్పుడు – ఇప్పుడు' అని రాసి ఉంటుంది. మనం రెంటినీ పోల్చి చూస్తాం. "అబ్బో, ఎంత అందంగా తయారైంది!" అంటాం. లేదా "అయ్యో, చిన్నప్పుడే బాగుండేవాడు!" అని పెదవి విరుస్తాం. రెండో మాటను ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. బిడ్డ పెరగడం దేవుడు పెట్టిన నియమం. ఆ నియమం ప్రకారం పెరిగినందుకు మనకెందుకు అంత నిరాశ? మన సొత్తేదో పోయినట్లు ఎందుకు బాధపడతాం?

1990లో వచ్చిన 'అంజలి' చిత్రం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందులో నటించిన పసిపాప శామిలికి, ఆమెతోపాటు తరుణ్‌కు కూడా ఉత్తమ బాలనటులుగా జాతీయ పురస్కారం లభించింది. తరుణ్ 2000లో 'నువ్వే కావాలి'తో కథానాయకుడయ్యాడు. శామిలి 2009లో 'ఓయ్!' చిత్రంలో కథానాయికగా వచ్చింది. నిజం చెప్పండి, వాళ్ళను తెరపై చూస్తూ మనం ఎవరి కోసం వెతికాం? ఎదురుగా ఉన్న యువతీయువకుల కోసమా, మన జ్ఞాపకంలో ఉండిపోయిన పసివాళ్ళ కోసమా?

ఒక పసి ముఖాన్ని లోకం తనదనుకున్నప్పుడు రెండు రకాల అన్యాయాలు జరుగుతాయి. మొదటిది, బిడ్డను పెరగనివ్వకపోవడం. అమెరికాలో 1930లలో షిర్లీ టెంపుల్ అనే చిన్నారిని ఎరగనివారు లేరు. ఉంగరాల జుట్టు, బుగ్గన సొట్ట ఆ పిల్ల గుర్తులు. ఆమె పోలికతో చేసిన బొమ్మలు దుకాణాల్లో విరివిగా అమ్ముడుపోయేవి. ఆమె 1928లో పుట్టింది. కాని పెద్దలు ఆమె వయసును ఒక ఏడాది తగ్గించి ప్రచారం చేశారు. ఆ ఒక్క ఏడాదీ ఎందుకంటే, పసితనం ఎంత కాలం సాగితే వ్యాపారం అంత కాలం సాగుతుంది కనుక. షిర్లీ ఎదిగాక ఆమె సినిమాలకు మునుపటి ఆదరణ దక్కలేదు. 1950లో ఆమె సినిమాలు విడిచిపెట్టింది. తర్వాత ఘనాకు, చెకొస్లొవేకియాకు తన దేశ రాయబారిగా పనిచేసింది. 2014లో కన్నుమూసింది. అంత నిండు జీవితం గడిపిన మనిషిని కూడా లోకం ఎక్కువగా ఉంగరాల జుట్టు పాపగానే గుర్తుంచుకుంది.

రెండో అన్యాయం దీనికి పూర్తిగా విరుద్ధం. అది బిడ్డను తొందరపెట్టి పెద్ద చేయడం. మన శ్రీదేవినే తీసుకుందాం. ఆమె 1963లో పుట్టింది. 1972లో వచ్చిన 'బడిపంతులు'లో ఎన్.టి.రామారావు గారికి మనవరాలిగా నటించింది. 1979లో 'వేటగాడు'లో ఆయన సరసన కథానాయికగా నటించింది. ఆ రెండు చిత్రాల నడుమ ఏడేళ్ళే. ఇంకా ముందు, 1976లో, 'మూండ్రు ముడిచ్చు' అనే తమిళ చిత్రంలో ఒక పెళ్ళయిన స్త్రీగా, ఎదిగిన కొడుక్కు సవతి తల్లిగా వేషం వేసింది. అప్పటికి ఆమెకు పదమూడేళ్ళు. ఆ కొడుకు వేషం వేసిన రజనీకాంత్ ఆమెకన్నా పన్నెండేళ్ళు పైబడి పెద్ద! ఆమె గొప్ప నటి, అందులో సందేహం లేదు. 2018లో ఆమె మరణించినప్పుడు దేశమంతా దుఃఖించింది. కాని పదమూడేళ్ళ పిల్ల ఇంట్లో ఉన్న తల్లిదండ్రులు ఆ వయసేమిటో ఒకసారి తలచుకోవాలి. చీర కట్టి, కొప్పు పెట్టి, ముఖానికి రంగు వేసి మనకు చూపించినది ఒక స్త్రీని. దాని వెనుక ఉన్నది ఏడో ఎనిమిదో తరగతి చదవవలసిన పిల్ల. తెర ముందు కూర్చున్న మనం ఆ సంగతి అడగలేదు.

చట్టం కొంత కాపాడుతుంది. 1921లో చార్లీ చాప్లిన్ 'ది కిడ్' చిత్రంతో లోకానికి ముద్దుబిడ్డ అయిన జాకీ కూగన్ పెద్దవాడై చూసుకుంటే, తాను గడించిన లక్షల డాలర్లలో చాలా భాగం కరిగిపోయి ఉంది. 1938లో కన్నతల్లి మీద, సవతి తండ్రి మీద వ్యాజ్యం వేయవలసి వచ్చింది. ఆ ఉదంతంతో 1939లో కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదనను కాపాడే చట్టం వచ్చింది. మన దేశంలో కూడా 2017 నాటి నిబంధనల ప్రకారం బాలనటుల చేత రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం బిడ్డ పేరనే బ్యాంకులో డిపాజిట్ చేయాలి. మంచిదే. చట్టం బిడ్డ డబ్బును కాపాడగలదు, నిద్రను కాపాడగలదు. కాని ఎదిగిన బిడ్డను చూసి పెదవి విరిచే మనసును ఏ చట్టం మార్చగలదు?

"మా పిల్లలు సినిమాల్లో లేరు కదా, మాకెందుకీ గొడవ?" అంటారేమో. మన ఇళ్ళ గోడలు ఒకసారి చూడండి. తెల్ల గౌనులో, చేతిలో కొవ్వొత్తితో ప్రథమ దివ్యసత్ప్రసాదం నాటి ఫోటో ఉంటుంది. క్రిస్మస్ నాటికలో దేవదూత వేషం వేసిన ఫోటో ఉంటుంది. ఆ దేవదూతకు ఇప్పుడు పద్నాలుగేళ్ళు. ముఖం నిండా మొటిమలు. గొంతు బొంగురుపోయింది. ఎక్కడ నిలబడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని వయసు. ఆదివారం పూజ ముగిసి గుడి బయటికి రాగానే ఎవరో ఒక పెద్దమ్మ గడ్డం పట్టుకుని, "చిన్నప్పుడు ఎంత ముద్దుగా ఉండేదానివే, ఇలా నల్లబడిపోయావేమిటే!" అంటుంది. చుట్టూ అందరూ నవ్వుతారు. ఆ పిల్ల కూడా నవ్వుతుంది. మరుసటి వారం పాటల బృందంలో వెనుక వరుసలోకి వెళుతుంది. తర్వాత రావడమే మానేస్తుంది. మనం మాత్రం, "ఈ కాలం పిల్లలకు భక్తి లేదు" అనుకుంటాం.

"ప్రేమ కొద్దీ అన్న మాట కదా!" అని మీరనవచ్చు. నిజమే, ఆ పెద్దమ్మ మనసులో విషం లేదు. పసితనాన్ని చూసి మురిసిపోవడం పాపమూ కాదు. కాని మన తెలుగులో ముచ్చట వేరు, ప్రేమ వేరు. ముచ్చట మన కళ్ళకోసం. ప్రేమ బిడ్డ కోసం. ముచ్చట తీరిపోతుంది. ప్రేమకు తీరిపోవడమంటూ లేదు. బిడ్డ ముఖం మారినప్పుడే మనలో ఇన్నాళ్ళూ ఉన్నది ఈ రెంటిలో ఏదో బయటపడుతుంది.

సువార్తలో మరియమాతను చూడండి. పన్నెండేళ్ళ యేసు తప్పిపోయాడని మూడు రోజులు వెదకిన ఆ తల్లికి దేవాలయంలో దొరికినవాడు, నిన్నటి వరకు చెయ్యి పట్టుకుని నడిచిన పసివాడు కాదు. ఆయన మాటలు తల్లిదండ్రులకు అర్థం కాలేదని పునీత లూకా దాచకుండా రాశాడు. అయినా ఆ తల్లి "నా పాత బిడ్డ నాకు కావాలి" అనలేదు. అర్థం కానిదాన్ని హృదయంలో భద్రపరచుకుని, కొత్తగా కనిపించిన కుమారునితో కలిసి ఇంటికి నడిచింది. ఆయన జ్ఞానంలోనే కాదు, ప్రాయంలో కూడా పెరిగాడని అదే సువార్త చెబుతోంది. దేవుని కుమారుడే ఎదిగే శరీరాన్ని, మారే ముఖాన్ని స్వీకరించాడు. అలాంటప్పుడు ఎదుగుదల లోపమెలా అవుతుంది?

నజరేతు ఊరివారు అలా చేయలేకపోయారు. ఆయన పెద్దవాడై ప్రార్థనామందిరంలో నిలబడి బోధిస్తే, వడ్రంగి కొడుకే కదా అన్నారు. తాము ఎరిగిన చిన్నవాడి వెనుక, ఎదురుగా నిలిచిన రక్షకుణ్ణి పోగొట్టుకున్నారు. అక్కడ ఆయన ఎక్కువ అద్భుతాలు చేయలేకపోయాడు. ఎదిగిన బిడ్డను గుర్తించని ఊరికి కలిగే నష్టం అది.

కాబట్టి ఈ వారం ఒక చిన్న పని చేద్దాం. గోడమీద ఉన్న ప్రథమ దివ్యసత్ప్రసాదం ఫోటో పక్కన, ఆ బిడ్డ ఇప్పటి ఫోటో కూడా పెడదాం. మొటిమలు ఉన్నా, నూనూగు మీసం ఉన్నా సరే. గుడి బయట ఎదిగిన పిల్ల ఎదురైతే, చిన్నప్పుడు ఎలా ఉండేదో చెప్పకుండా, ఇప్పుడు ఏం చదువుతోందో, ఏమి ఆలోచిస్తోందో అడుగుదాం. చెప్పేది చివరిదాకా విందాం. పత్రికలో 'అప్పుడు – ఇప్పుడు' ఫోటోలు కనబడితే, ఆ రెండో ముఖం కోసం ఒక మంగళవార్త జపం చెబుదాం.

ఆ పసి ముఖం ప్రేక్షకులదీ కాదు, బంధువులదీ కాదు, తల్లిదండ్రులదీ కాదు. అది దేవుడు బిడ్డకిచ్చినది, బిడ్డతోపాటు మారమని ఇచ్చినది. మారిన ముఖంలో కూడా తన కుమారుణ్ణి గుర్తుపట్టిన మరియమాత, ఆ చూపును మన కుటుంబాలకు నేర్పుగాక!