విడిగా ఒక పడవ

మా మేనల్లుడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. వాడు సెలవుకు కోవిల్‌పట్టి వచ్చేసరికి ఇంట్లోవాళ్లంతా కన్యాకుమారి టూరు వ్యానుకు పేర్లు రాయించి ఉన్నారు. విరుదునగరంలో బయలుదేరి, సాత్తూరులో కొందరిని, మా ఊళ్లో కొందరిని ఎక్కించుకుని పోయే వ్యాను అది. వీడు రానన్నాడు. "ఇక్కడ ఇరవై నిమిషాలు చూడు, అక్కడ తిను అని ఎవడో చెబితే వినడానికా మామా సెలవు పెట్టింది? మనమిద్దరం తూత్తుకుడి పోదాం. స్పీడు బోటు ఒకటి మాట్లాడుకుని ఏదైనా దీవికి వెళ్లొద్దాం" అన్నాడు.

వాడి మాట నాకు నచ్చింది. టూరు వ్యానులో మనం చూసేది ఊరు కాదు, ముందు సీటువాడి తల. సముద్రం ఒడ్డున నిలబడి ఏదో ఒకటి తోచబోతుండగా హారను మోగుతుంది. మన కోసం మనం ఆలోచించుకునే పనిని కూడా చందాతో కలిపి ఇంకొకరికి అప్పగించినట్టు ఉంటుంది. ఇద్దరం బస్సెక్కాం.

తూత్తుకుడిలో స్పీడు బోటంటూ దొరకలేదు. ఇంజను బిగించిన ఫైబరు పడవ ఒకటి దొరికింది. పడవాయన వయసులో నాకంటే చిన్నవాడు. దీవి దాకా పోయి, దిగి, ఒక గంట ఉండి రావాలన్నాం. "దిగకూడదు అణ్ణాచ్చి" అన్నాడు. తూత్తుకుడి నుంచి రామేశ్వరం వైపు పరుచుకున్న ఇరవై ఒక్క దీవులూ 1986 నుంచి జాతీయ వనం కింద ఉన్నాయి. అటవీ శాఖ అనుమతి లేకుండా వాటిమీద కాలు పెట్టడం నేరం. మావాడు అడిగినదానికి రెట్టింపు ఇస్తానన్నాడు. పడవాయన మాట్లాడలేదు. కాసేపు సముద్రం వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "పట్టుకుంటే మీరు జరిమానా కట్టి ఊరికి పోతారు. నాకు ఈ పడవే కదా."

ఆ మాట విన్నాక నాకు అక్కడ నిలబడడం కష్టమైంది. రెట్టింపు డబ్బుకు అతను ఒప్పుకునేవాడేనేమో. ఇంట్లో అవసరం ఉండి ఉంటుంది. అలా ఒప్పుకున్నంత మాత్రాన అది అతని ఇష్టం అవుతుందా?

వివేకానందుడు 1892 డిసెంబరులో కన్యాకుమారిలో ఆ బండ దగ్గరకు ఈదుకుంటూ వెళ్లాడని చెప్పుకుంటారు. పడవకు ఇవ్వడానికి చేతిలో డబ్బు లేదట. 1970లో అక్కడ స్మారక మందిరం వెలిసింది. ఇప్పుడు ఆ ఒంటరి ఈతను తలుచుకుంటూ మనం టిక్కెట్టు కొని క్యూలో నిలబడతాం. నాకు అందులో నవ్వొచ్చే సంగతి ఒకటుంది, కానీ అది పక్కన పెడదాం. ఆయన ఒంటరిగా పోయాడంటే మునిగితే మునిగేది ఆయనే. మా మేనల్లుడు కోరిన స్వేచ్ఛ అలాంటిది కాదు. పోయే సరదా మాది, పోతే పోయే పడవ ఇంకొకరిది. డబ్బిచ్చి ఒంటరిగా వెళ్లేవాడు నిజానికి ఒంటరిగా వెళ్లడం లేదు. తన వంతు భయాన్ని మోసే మనిషిని కూలికి కుదుర్చుకుని వెళుతున్నాడు.

అయితే గుంపే మేలని అనగలనా? 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండలకు పోయే విహార బోటు మునిగింది. నది వరద మీద ఉంది. పదుల మంది ప్రాణాలు పోయాయి. ఇంతమంది ఎక్కుతున్నారు, ఫరవాలేదులే అనుకుని ఎక్కి ఉంటారు. నేనైనా అలాగే ఎక్కేవాణ్ణి. గుంపులో ప్రతివాడికీ పక్కవాడే ధైర్యం. నది సంగతి అడగవలసిన మాట ఎవరి నోటా రాదు.

మన పెద్దలు ఈ నల్లరేగడి సీమకు వచ్చింది గుంపుగానే అంటారు. ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో తమిళంలో రాసిన 'గోపల్ల గ్రామం' నవల ఆ రాక గురించే. అలాంటి నడకలో ముసలివాళ్ల అడుగును బట్టి పడుచువాళ్లు అడుగు వేయక తప్పదు. టూరు వ్యానులో ఆ బాధ లేదు. అక్కడ అందరూ గడియారాన్ని బట్టి నడుస్తారు. కాబట్టి దాన్ని గుంపు అనడానికి కూడా నాకు మనసొప్పదు.

ఒడ్డున కూర్చున్నప్పుడు పడవాయనే ఇంకో సంగతి చెప్పాడు. ఆ ఇరవై ఒక్క దీవుల్లో రెండు ఇప్పుడు నీళ్లకింద ఉన్నాయి. వాటిలో విళంగుచల్లి తూత్తుకుడి వైపుదే. చుట్టూ ఉన్న పగడపు రాయిని సున్నానికీ, ఇళ్లు కట్టడానికీ ఏళ్ల తరబడి తవ్వి పడవల్లో తెచ్చారు. అలలను ఆపే అడ్డు పోయింది, దీవి కోసుకుపోయింది. తవ్వినవాళ్లలో ఎవరూ దీవిని ముంచుదామని పోలేదు. ఒక్క పడవెడు రాయి కదా అనుకున్నారు. మేము ఒక్క గంట కదా అన్నట్టే.

మావాడు చాలాసేపు ఏమీ అనలేదు. పడవాయన వెళ్లి వల సరిచేసుకుంటున్నాడు. చివరికి, "ఆ అనుమతి ఎవరిని అడగాలి మామా?" అన్నాడు. ఆ రోజు ఆదివారం. ఆఫీసుకు తాళం. అడిగిన టైముకు డబ్బులివ్వబోతే పడవాయన తీసుకోలేదు. పొద్దు వాలేదాకా ఒడ్డునే ఉండి, రాత్రి బస్సుకు కోవిల్‌పట్టి చేరాం. వ్యానువాళ్లు మాకంటే ముందే వచ్చి నిద్రపోతున్నారు.