బిడ్డలపై ప్రేమ, వదంతి, శ్రావక ధర్మము

గృహస్థునకు బిడ్డలకంటె ప్రియమైనది లేదు. సొమ్ము పోయినచో మరల సంపాదించుకొనవచ్చును. అంగడి మూతపడినచో మరల తెరువవచ్చును. బిడ్డకు కీడు కలిగినచో ఆ లోటు తీరునది కాదు. కాబట్టియే బిడ్డల పేరెత్తి ఎవరేమి చెప్పినను తలిదండ్రులు వెంటనే నమ్ముదురు. అయితే ఈ ప్రేమనుండి పుట్టిన భయము హింసకు దారితీసినప్పుడు ఆ హింసకు క్షమ కలదా? ప్రేమచేత చేసితిమి గదా యని పాపము తగ్గునా? మన బీదరు జిల్లావారికి ఇది పుస్తకములలోని ప్రశ్న మాత్రమే కాదు.

2018వ సంవత్సరము జూలై 13వ తేదీన హైదరాబాదునుండి కొందరు మిత్రులు కారులో మన ఔరాదు తాలూకాకు వచ్చిరి. వారిలో ఒకరు ఖతర్ దేశస్థుడు. దారిలో కనబడిన బడిపిల్లలకు వారు చాక్లెట్లు పంచిరి. పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని అప్పటికి కొన్ని వారములుగా ఫోనులలో వదంతులు వ్యాపించియుండెను. ఊరివారు అనుమానించి నిలదీసిరి. మిత్రులు బెదరి కారెక్కి సాగిపోగా, వారికంటె ముందే వారి చిత్రములు వాట్సాప్‌లో ముర్కి గ్రామమునకు చేరినవి. అక్కడ కారు బోల్తాపడినది. గుంపు వారిమీద పడి కొట్టినది. అడ్డుపడిన పోలీసులకును గాయములైనవి. వచ్చినవారిలో ఒక యువ ఇంజనీరు ప్రాణము విడిచెను. అతడును ఒక పసిబిడ్డకు తండ్రియే. బిడ్డలను కాపాడబూనినవారు ఒక బిడ్డకు తండ్రిని లేకుండ చేసిరి. తరువాత సుమారు 30 మంది అరెస్టయిరి. వారి యిండ్లలోను బిడ్డలుందురు గదా!

ఆ సంవత్సరము దేశమంతట తిరిగిన వీడియోలలో ఒకటి కరాచీ నగరములో తీసినది. పిల్లలవిషయమై తలిదండ్రులు జాగ్రత్తగా ఉండవలెనని చెప్పుటకు అక్కడి సేవాసంస్థ ఒకటి దానిని తీయించినది. మోటారు సైకిలుపై వచ్చినవారు బాలుని ఎత్తుకొని, చివరకు తిరిగి దింపి, హెచ్చరిక పలకను చూపుదురు. ఎవరో ఆ చివరి భాగమును కత్తిరించివేసిరి. మిగిలిన ముక్క మన దేశములో నిజమైన దొంగతనముగా చెలామణి అయినది. మేలుకొరకు తీసినదానినే విషముగా మార్చిరి.

ఇక్కడ ఒక సోదరుడు అడుగవచ్చును: “మన ధర్మమే గృహస్థునకు విరోధీహింస విషయములో సడలింపు ఇచ్చినది గదా! బిడ్డను ఎత్తుకొనిపోవువానిని ఎదిరించుట తప్పా?” ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. హింసను సంకల్పీ, ఆరంభీ, ఉద్యోగీ, విరోధీ అని నాలుగు విధములుగా చెప్పి, గృహస్థుడు సంకల్పీహింసను తప్పక విడువవలెనని పెద్దలు విధించిరి. తనవారిని రక్షించుకొనుటకు వేరు మార్గము లేనప్పుడు జరుగునది విరోధీహింస. కాని విరోధీహింసకు మొదట విరోధి యనువాడు ఉండవలెను గదా! ముర్కిలో విరోధి ఎవడు? చేతిలో ఏ బిడ్డయు లేని బాటసారి. అనుమానమే విరోధిని కల్పించినది. లేని శత్రువును కల్పించుకొని కొట్టుట రక్షణ కాదు, అది సంకల్పీహింసయే. అనుమానము కలిగినప్పుడు బిడ్డను ఇంటిలోనికి పిలువవచ్చును, బండి నంబరు వ్రాసుకొనవచ్చును, 112కు ఫోను చేయవచ్చును. వీనిలో దేనికిని పరుల రక్తము అక్కరలేదు.

“మేము కర్ర పట్టలేదు, రాయి విసరలేదు, వచ్చిన వార్తను నలుగురికి పంపితిమి, అంతే” అనువారు చాలమంది. కృత, కారిత, అనుమోదనములు మూడును కర్మబంధమునకు కారణములని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. తాను చేయుట ఒకటి, చేయించుట ఒకటి, చేసినదానిని మెచ్చుట ఒకటి. నిజము తెలియకయే పంపిన వార్త ఇంకొకని చేతిలో కర్ర అయినప్పుడు మనము ఆ మూడింటికి వెలుపల ఉన్నామా? పదునెనిమిది పాపస్థానకములలో అభ్యాఖ్యానము, అనగా పరునిపై లేని నింద మోపుట, పదుమూడవది. వినువానికిని హద్దు కలదు. మనస్సును చెరచు మాటలను వినుటను దుఃశ్రుతి యని సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమునందు అనర్థదండములలో చేర్చిరి. ఏ ప్రయోజనము లేకయే మూటగట్టుకొను పాపము అనర్థదండము. ఫోను చేతబట్టి కూర్చున్న మన సాయంకాలములకు ఇంతకంటె తగిన పేరు లేదు.

మనము వర్తకులము. కందుల మూట విప్పి గుప్పెడు చేతిలోనికి తీసుకొని చూడక ధర చెప్పువాడు గంజ్‌లో ఉండడు. పేరు, ఊరు, మితి లేని హుండీకి ఎవరును రొక్కమియ్యరు. అట్టి మనము వ్రాసినవాని పేరు లేని, ఊరు లేని, తేదీ లేని వార్తను మాత్రము చూచిన క్షణమే సరుకుగా అంగీకరించి పదిమందికి సరఫరా చేయుచున్నాము! సరుకులో చూపు నేర్పును మాటలో చూపిన చాలును. పైగా వర్తకుని మాటకు విలువ హెచ్చు. అంగడిలో సేఠ్ అన్న మాట సాయంత్రమునకు పది పల్లెలకు చేరును. కావున వదంతి మన గల్లావద్దకు వచ్చినప్పుడు “ఎవరు చూచిరి? ఎప్పుడు? ఎక్కడ?” అని మూడు మాటలడిగి నిలిపివేయుట మన పౌరధర్మము.

అది సాధ్యమేనా యనువారికి తెలంగాణములోని గద్వాల నిదర్శనము. అదే 2018లో అక్కడ పోలీసు సూపరింటెండెంటుగా ఉండిన రెమా రాజేశ్వరిగారు ఊరూరికి కానిస్టేబులును పంపి, డప్పులతో, తెలుగు పాటలతో, ఇంటింట మాటలతో వదంతుల గుట్టు విప్పించిరి. ఆ ప్రాంతములో వదంతులవలన ఒక్క ప్రాణమును పోలేదు. భయము పల్లెకు ఎట్లు చేరునో ధైర్యమును అట్లే చేరగలదు.

ముర్కి ఘటనకు నాలుగు రోజుల తరువాత, జూలై 17న, సుప్రీంకోర్టు ఇట్టి మూకహత్యలను అరికట్టుటకు ప్రతి జిల్లాలో బాధ్యతగల పోలీసు అధికారిని నియమింపవలెనని ఆదేశించినది. ఆ నెలలోనే మన దేశములో ఒక వార్తను ఒకేసారి ఐదు చోట్లకంటె ఎక్కువ పంపకుండ వాట్సాప్ హద్దు పెట్టినది. న్యాయస్థానము తన పని చేసినది, యంత్రమును తన హద్దు తాను పెట్టుకొన్నది. మన వ్రేలికి మనము పెట్టుకొన్న హద్దెంత?

చివరిమాట ఇంటిని గురించి. బిడ్డలకు మనము పాఠశాలలో నమోకార మంత్రము నేర్పించుచున్నాము, పర్యూషణములో క్షమాపణ చెప్పించుచున్నాము. కాని భోజనమువేళ తండ్రి ఫోను చూచి ఏ కులమునో ఏ మతమునో నిందించు వార్తను పైకి చదివినచో, బిడ్డ నేర్చుకొనునది ఆ చదువే. పరాయివాని ముఖము చూడగానే దొంగ యని తలచుట వానికి అలవాటగును. తండ్రి “ఇది నిజమో కాదో తెలియదు, పంపను” అన్న ఒక్కమాట బిడ్డ చెవినబడినచో అదియే సత్యాణువ్రతమునకు తొలి పాఠము. బిడ్డలను దొంగలనుండి కాపాడుట తలిదండ్రుల విధియే. ఆ బిడ్డలు పెరిగి గుంపులో ఒకరు కాకుండ కాపాడుటయు తలిదండ్రుల విధియే. మొదటిదానికి పోలీసులు తోడ్పడుదురు. రెండవదానికి మనము తప్ప మరి ఎవరును లేరు.

జై జినేంద్ర.