మరకకీ ఓ కారణం ఉండాలి

అబ్బాయ్,

ఫోన్లో నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. 28 మి.మీ. సిపాయిల కోసం స్పెయిన్‌లో 1812 నాటి బడహోస్ ఊరు కడుతున్నావన్నమాట. కమానుల వసారా, గంట గోపురం, ఇనప ఊచల కిటికీలు, పెంకుల కప్పులు, అన్నీ కుదిరాయి. అతుకులు ఎక్కడున్నాయో వెతికినా దొరకలేదు. మీ నాన్న దీన్ని పిల్లలాట అని విసుక్కుంటున్నాడట. వాడి మాట పట్టించుకోకు. హెచ్.జి. వెల్స్ అంతటి రచయిత బొమ్మ సైనికుల యుద్ధానికి నియమాలు రాసి, 1913లో 'లిటిల్ వార్స్' అని పుస్తకమే అచ్చేయించాడు.

అయితే రంగుల సంగతి వేరు. ఉక్కు ఫ్యాక్టరీలో ఇనప కట్టడాలకి రంగులు వేయించడమే ఉద్యోగంగా బతికినవాణ్ణి, చూసి ఊరుకోలేను. నీ గోడలు సున్నపు డబ్బాలోంచి అప్పుడే తీసినట్టున్నాయి. ఆ తెలుపు మీద ఎక్కడ పడితే అక్కడ గోధుమరంగు చల్లావు. పాతబడినట్టు కనబడాలనే కదా! కానీ గోడ మీద మరక ఊరికే పడదురా. నీళ్లు కారాలి, పొగ తగలాలి, చెయ్యి రాసుకోవాలి, ఇనుము తుప్పు పట్టాలి. పెట్టిన ప్రతి మరకనీ "నువ్వెందుకు వచ్చావు?" అని అడుగు. జవాబు రాకపోతే తడిగుడ్డతో తుడిచెయ్యి.

ఇది నేర్చుకోడానికి స్పెయిన్ వెళ్లక్కర్లేదు. ఓ ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందు, మన విశాఖ కురుపాం మార్కెట్ దగ్గర బండి ఆపి పాత నగరం సందుల్లో నడు. మిగిలిన పాత ఇళ్ల ముందు నిలబడి ఒక్క కిటికీని అయిదు నిమిషాలు చూడు. కిటికీ గట్టు రెండు చివర్ల నుంచే నీటిచార దిగుతుంది, మధ్యలోంచి కాదు. ఊచ గోడలోకి దిగిన చోట తుప్పు మొదలై, కిందికి వచ్చేకొద్దీ సన్నబడి మాయమవుతుంది. ఆ తుప్పు కూడా ఒకటే రంగు కాదు. పాత తుప్పు నడుమ నల్లగోధుమగా ఉంటుంది, కొత్తది అంచున నారింజగా ఉంటుంది. నువ్వు అంతటా నారింజే పూశావు. ఇక రేవు పక్కన ఉండేవాళ్లకి చెప్పనక్కర్లేని నల్లదుమ్ము ఉంది చూడు, అది సన్‌షేడ్ల మీద, గట్ల మీద, చెక్కిన పూల సందుల్లో కూర్చుంటుంది. నిలువు గోడ మీద నిలబడదు. తలుపు పక్కన భుజం ఎత్తులో జిడ్డు, గడియ దగ్గర మెరుపు, అన్నీ మనుషులు చేసిన గుర్తులే.

కొలత కూడా చూసుకో. మూడు మీటర్ల గోడ నీ బల్ల మీద అయిదు సెంటీమీటర్లు. వాన చినుకు ఎగజిమ్మిన మట్టి అసలు గోడ మీద మూరెడు ఎత్తు ఉంటే, నీ గోడ మీద ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉండాలి. నువ్వు రెండు సెంటీమీటర్లు పులిమావు. ఆ ఊళ్లో నడుం లోతు వరదొచ్చి తీసినట్టుంది.

మన గోడల్ని చూసి నేర్చుకోమన్నానని మన వానని మాత్రం అక్కడికి మొయ్యకు. విశాఖలో పడే వానలో సగం కూడా బడహోస్‌లో పడదు. వేసవి పొడిగా మండుతుంది. కాబట్టి మన పిట్టగోడల మీద పట్టే నల్లటి నాచు అక్కడ వద్దు. అక్కడి సున్నం పొరలు పొరలుగా ఎండి, బీటలిచ్చి, లోపలి ఇటుకో రాయో చూపిస్తుంది. రేపు సాలమంకా కడదామనుకుంటే అదీ వేరే లెక్క. ఆ ఊరి రాయే లేత బంగారు ఛాయలో ఉంటుంది. స్పెయిన్ అంటే తెల్ల గోడలే అనుకుంటే పోస్టరు చూసి ఊరు కట్టినట్టవుతుంది.

తెలుపు ఎలా వెయ్యాలంటావా? తెలుపుతో మొదలుపెట్టకు. ముందు బూడిద కలిసిన లేత గోధుమ వెయ్యి. ఆరాక మీగడ రంగు, ఆ తర్వాత ఇంకాస్త లేతది. అసలు తెలుపు గోడ పైభాగానికి, ఎండ తగిలే అంచులకే. కుంచెకి రంగు ముంచి, గుడ్డ మీద దాదాపు అంతా తుడిచేసి, మిగిలిన పొడి రంగుతో గరుకు మీద తేలిగ్గా రాస్తే చాలు. నీడపక్క గోడకి ఓ చుక్క నీలం కలుపు. అమ్మమ్మలు సున్నంలో నీలిమందు కలిపింది తెలుపు తెలుపుగా కనబడటానికే. దక్షిణ స్పెయిన్ ఇళ్లకి గోడ అడుగున రంగు పట్టీ వేస్తారు, మనం జాజు వేసినట్టు. ఒకటి రెండిళ్లకి అది వేసి చూడు, వీధికి ప్రాణమొస్తుంది.

కప్పు దగ్గర నువ్వు తొందరపడ్డావు. అన్ని పెంకులకీ ఒకటే ఇటుకరంగు! విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో ఇంకా అక్కడక్కడా గూనపెంకు ఇళ్లున్నాయి. స్పెయిన్ పెంకూ ఆ అరగొట్టం ఆకారమే. కట్టెల ఆవంలో కాలిన పెంకులు ఒక్కలా రావు. మంట దగ్గరివి ముదురు, దూరానివి లేత. పగిలినవాటి చోట కొత్తవి వేస్తారు. అందుకని కప్పంతా ఒక రంగు వేశాక, పదింటికి రెండు మూడు పెంకుల్ని విడిగా ముట్టుకో. ఒకటి పాలిపోయిన గులాబీ, ఒకటి పసుపు కలిసింది, ఒకటి మాడింది. విసుగు పుట్టించే పనే, కానీ మూడడుగుల దూరం నుంచి చూసేవాడికి మొదట కనబడేది కప్పే.

ఏటికొప్పాక లక్కబొమ్మ తళతళలాడాలి. 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న పనితనం అది, ఆ మెరుపే దాని అందం. నీ గోడ మెరిస్తే మాత్రం ప్లాస్టిక్కు బయటపడుతుంది. చివర్లో మ్యాట్ వార్నిష్ వెయ్యి. అదీ మన ముసురు రోజుల్లో స్ప్రే చెయ్యకు. గాలిలో తేమకి తెల్లటి పొగ పట్టినట్టు మసకబారుతుంది, నెల పని గంటలో పాడవుతుంది. కుంచెతోనే పలచగా వెయ్యి.

మరొక్క మాట. బడహోస్‌కీ మన సిపాయిలకీ చుట్టరికముంది. 1803లో అస్సాయే దగ్గర మద్రాసు సిపాయిలతో మరాఠాల మీద గెలిచిన ఇంగ్లీషు సేనాని వెల్లెస్లీయే 1812 ఏప్రిల్ 6 రాత్రి బడహోస్ గోడల మీదికి సైన్యాన్ని ఎక్కించింది. అంతకు యాభై ఏళ్ల ముందు, 1762లో, మద్రాసు నుంచి ఓడలెక్కిన సిపాయిలు స్పెయిన్ వాళ్ల మనీలాలో అడుగుపెట్టారు. వాళ్లలో కొందరు తిరిగి రాకుండా కైంటా అనే ఊళ్లో ఉండిపోయారు. దానికి నాలుగేళ్ల ముందు, 1758 అక్టోబరులో, ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ సేన మన విశాఖలోనే దిగి, విజయనగరం ఆనంద గజపతితో కలిసి డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి వాళ్లని ఓడించింది.

బడహోస్ అయ్యాక ఆ చందుర్తి కట్టు. మట్టిగోడలు, తాటాకు కప్పులు, చెరువుగట్టు. సిపాయిల్ని నువ్వు చూసుకో, ఊరికి రంగులు నేను వేస్తాను.