అక్షరమునకు చోటు

సంఖ్యాబలము లేనివారి మాటకు లోకము చోటీయవలెనా? ఇచ్చినచో అది దయయా, ధర్మమా? తరతరములుగా పరభాషాప్రాంతమున కాపురముండి, ఇంట నొక భాషయు వీధి నొక భాషయు పలుకు మనకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. జపానుదేశపు కటకానా లిపి కంప్యూటరులో ప్రవేశించిన చరిత్రయందు దీనికి తగిన దృష్టాంతము కానవచ్చుచున్నది.

కంప్యూటరు అక్షరముల నెరుగదు, అంకెలనే యెరుగును. ప్రతి యక్షరమునకును ఒక సంఖ్యను నిర్ణయించి, దాని నందరును పాటించిననే ఒకచోట వ్రాసినది మరియొకచోట చదువ వీలగును. 1969లో జపానువారు ఏర్పరచుకొన్న ప్రమాణమున ఉన్న గడులు 256 మాత్రమే. అందు కటకానాకు 161 మొదలు 223 వరకు 63 గడులు లభించెను. ఇరుకుటింటి సంసారమువలె పొదుపు తప్పలేదు. 'గ'కు వేరు గడి లేదు. 'క'కు 182, పరుషమును సరళముగ మార్చు గుర్తునకు 222, ఈ రెండును కలిసిననే 'గ'. 1978 నాటి ప్రమాణముతో చోటు విస్తరించెను. 1991లో వెలువడిన యూనికోడునందు 'గ'కు 12460 అను ఒక్క సంఖ్యయే చాలెను.

ఇది అధికసంఖ్యాకులకు జరిగిన మర్యాద. ఉత్తరమున హొక్కైడో ద్వీపమున ఐను అను ఆదిమజాతివారు కలరు. స్వంతలిపి లేనందున వారి భాషను వ్రాయుటకు కటకానాను వాడుచున్నారు. జపానుభాష మన తెనుగువలె మిక్కిలి అజంతము. దాని లిపిలో 'న్' తప్ప పదాంతమున పొల్లునకు రూపము లేదు. ఐనుభాషలో పొల్లుతో ముగియు మాటలు పెక్కు. చేపను వారు 'చెప్' అందురు. మామూలు కటకానాలో అది 'చెపు' అగును. కావున అక్షరమును చిన్నదిగా వ్రాసి పొల్లును సూచించు పద్ధతి యేర్పడెను. త్యాగరాజకృతులను తమిళలిపిలో అచ్చొత్తునపుడు క, గ భేదము తెలియుటకై అంకెల నుంచుట చూచిన మనకు ఇది సులభముగ బోధపడును. 2002లో యూనికోడు ఇట్టి చిన్న అక్షరములు 16టికి ప్రత్యేకస్థానము లొసగెను.

"కొద్దిమందికై ఇంత శ్రమ యేల? 'చెపు' అని సర్దుకొనరాదా?" అని కొందరడుగవచ్చును. ఒకమారు ఇచ్చిన సంఖ్యను మరల తీసికొనరాదు గనుక ఈ ప్రశ్న తేలికగ త్రోసివేయదగినది కాదు. అయినను సర్దుకొనుటవలన నష్టపడునది యంత్రము కాదు, ఆ భాష పలుకువాడు. అతని మాట వేరొక మాటయై నిలుచును. తరువాతి తరము దానినే సరియని నేర్చును. ఇరుకుటింట అందరును సర్దుకొనుట న్యాయమే. పదునొకండు లక్షలకు పైగా గడులున్న విశాలభవనమున ఒక్కనినే సర్దుకొమ్మనుట న్యాయము కాదు. అందుచే ఆ చోటు దయ కాదు, ధర్మమేయని మా అభిప్రాయము.

కాని చోటు దొరకినంత మాత్రమున భాష బ్రదుకదు. 2009లో యునెస్కో ఐనుభాషను తీవ్రమైన అపాయస్థితిలో నున్న దానిగ పేర్కొనెను. 2019లో జపాను శాసనము ఐనులను ఆదిమజాతిగ గుర్తించెను. గుర్తింపును ఇతరు లీయగలరు, పలుకును ఈయజాలరు. మన 'అ'కు యూనికోడునందు 3077 అను సంఖ్య 1991 నుండియు సిద్ధముగ నున్నది. ఆ యక్షరమును దిద్దు బిడ్డ మన యింట నుండవలెను. ఆ ధర్మము లోకముది కాదు, మనదే.