ఎవరూ చూడని అయిదు నిమిషాలు

ఒక వేటగాడు నన్ను అడిగిన ప్రశ్నతో ఈ వారం మొదలుపెడతాను. దానికి నేను అప్పుడు చెప్పిన జవాబు సగమే. మిగతా సగం వెతుక్కోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఒక పల్లెటూరి విచారణలో మూడేళ్లు సేవ చేశాను. అక్కడ గురువుల కొరత వల్ల మన తెలుగు గురువులు పలువురు అలా వెళ్లి పనిచేస్తున్న సంగతి మీకు తెలిసిందే. నవంబరు వచ్చిందంటే ఆ ఊరి తీరే మారిపోతుంది. నవంబరు 6వ తేదీకి దగ్గరగా వచ్చే శనివారం నాడు తుపాకితో జింకల వేట మొదలవుతుంది. ఆ సాయంత్రం పూజకు చాలామంది మెరిసే నారింజరంగు కోట్లతోనే వచ్చి వెనక వరుసల్లో కూర్చుంటారు. చెట్ల మధ్య ఒకరినొకరు జింక అనుకుని కాల్చకుండా అలాంటి మెరిసే రంగు వేసుకోవాలని చట్టం. మొదటి ఏడాది వాళ్లను చూసి, పాపం రోడ్డు పనివాళ్లు డ్యూటీ దిగి నేరుగా పూజకు వచ్చారే అని మెచ్చుకున్నాను!

నన్ను ప్రశ్న అడిగినాయన మెకానిక్కు పని చేసి రిటైరయిన మనిషి. సొంత భూమి లేదు. భూమి ఉన్న రైతు తన పొలంలో, తన అడవిలో వేటాడుకుంటాడు. లేనివాడు ఎక్కడికి పోవాలి? అటువంటి వారి కోసం ఆ రాష్ట్రంలో ప్రభుత్వ భూములున్నాయి. వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియాలంటారు. చిత్తడి నేలలను ఎండగట్టి పొలాలు చేస్తుంటే బాతులకు నిలువ నీడ లేకుండా పోతోందని 1951లో ఆ నేలలను కొనడం మొదలుపెట్టారు. ఇప్పుడు 1,500కు పైగా చోట్ల, సుమారు 13 లక్షల ఎకరాల భూమి అలా ఉంది. లోపలికి వెళ్లడానికి టికెట్టు లేదు, సిఫారసు లేదు. బండి గేటు దగ్గర ఆపి నడిచి వెళ్లాలి. చెట్టుకు మేకు కొట్టకూడదు, కొమ్మ నరకకూడదు. కూర్చోవడానికి తెచ్చుకున్న మంచె లాంటిది చాలాచోట్ల ఏ రోజుకారోజు విప్పి పట్టుకుపోవాలి. లేకపోతే ముందు వచ్చినవాడు ఆ చోటు తనదేనని పాతుకుపోతాడు గదా. లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన మోంగ్ కుటుంబాల వాళ్లు ఉడుతల వేటకు ఆ భూముల్లోకే వస్తారు. కోటీశ్వరుడు వచ్చినా అదే గేటు, అదే నడక. ఈ ఏర్పాటు నాకు నచ్చిందని దాచకుండా చెబుతున్నాను.

వేటకు లైసెన్సు ఉండాలి. ఎన్ని జింకలను కొట్టవచ్చో ప్రాంతాన్నిబట్టి ఏటేటా నిర్ణయిస్తారు. కొట్టిన జింకకు ట్యాగు కట్టి నమోదు చేయించాలి. మాంసం ఇంట్లో తినవచ్చు, పొరుగింటికి పంచవచ్చు, పేదల వంటశాలకు ఇవ్వవచ్చు, కాని అమ్మకూడదు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తరువాత అరగంట వరకే తుపాకి పేల్చాలి.

మన మెకానిక్కు వారం రోజులు చలిలో కూర్చున్నాడు. జింక రాలేదు. చివరి రోజు సాయంత్రం గడువు 5 గంటల 15 నిమిషాలకు. ఆయన గడియారం చూసుకుని తుపాకిలో గుండ్లు తీసేశాడు. 5 గంటల 20 నిమిషాలకు కొమ్ముల పోతు ఒకటి ఎదురుగా వచ్చి నిలబడింది. చుట్టూ రెండు మైళ్లలో మనిషి లేడు. గుండు తిరిగి పెట్టుకోవడానికి రెండు క్షణాలు చాలు. ఆయన పెట్టలేదు. చీకట్లో వట్టి చేతులతో ఇంటికి వచ్చాడు. ఆ మాట చెబితే ఆయన బావమరిది పగలబడి నవ్వాడట. "ఆఫీసరు పట్టుకుంటే జరిమానా కడతావు. పట్టుకోకపోతే ఏమీ లేదు. దేవుడికి గడియారంతో పనేమిటి?" అన్నాడట. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన నన్ను సూటిగా అడిగాడు: "ఫాదర్, నేను కాల్చి ఉంటే అది పాపమా? లేక నాకూ ప్రభుత్వానికీ మధ్య లెక్కేనా?"

ఆయనకు తెలియదుగాని, బావమరిది మాటకు మన నీతిశాస్త్రంలోనే ఒక పాత ఆధారం ఉంది. సెమినరీలో మాకు లాటిన్ పేరుతో చెప్పేవారు, 'లెక్స్ మేరె పెనాలిస్' అని. తెలుగులో శిక్షామాత్ర చట్టం అనవచ్చు. కొన్ని చట్టాలు మనస్సాక్షిని కట్టివేయవు, దొరికితే శిక్ష భరించడానికి సిద్ధపడితే చాలునని ఆ సిద్ధాంతం. 13వ శతాబ్దంలో దొమినికన్ సభవారు తమ మఠ నియమాలు మీరినవారికి పాపం అంటదని, శిక్ష మాత్రమే ఉంటుందని రాసుకున్నారు. ఆ మాటను తరువాతి శాస్త్రజ్ఞులు రాజుల చట్టాలకూ విస్తరించారు. అల్ఫోన్సో దె కాస్త్రో 1550లోను, సువారెజ్ 1612లోను దీనిమీద విస్తారంగా చర్చించారు. మా పాఠ్యపుస్తకాల్లో ఇచ్చిన ఉదాహరణలు ఏమిటో తెలుసా? సుంకం ఎగ్గొట్టి సరుకు తేవడం, సర్కారు అడవిలో కట్టెలు ఏరడం, అనుమతి లేకుండా వేటాడటం!

ఈ సిద్ధాంతాన్ని ఉత్త తప్పించుకునే ఎత్తని కొట్టిపారేయలేను. అది పుట్టిన కాలం చూడండి. అడవి రాజుగారిది, జింక రాజుగారిది. ఇంగ్లండులో 1217 నాటి అడవి శాసనం, రాజుగారి జింకను కొట్టినందుకు ఇక మీద ఎవరి ప్రాణమూ అవయవమూ తీయరాదని ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది. అంటే అంతకుముందు తీసేవారన్నమాట. ఆకలితో కుందేలును పట్టిన పేదవాడు పాపసంకీర్తనానికి వస్తే, రాజుగారి విలాసం కోసం చేసిన చట్టాన్ని అతని ఆత్మ మీద బండలా మోపడానికి ఏ మంచి గురువుకు మనసొప్పుతుంది? ఆ సిద్ధాంతంలో ఆ కనికరం ఉంది.

కాని మిన్నెసోటాలో జింక రాజుగారిది కాదు, ఏ జమీందారుదీ కాదు. ప్రభుత్వం దాన్ని ప్రజలందరి తరఫున ధర్మకర్తగా కాపాడుతుంది. ఆ దేశం ఈ పాఠం తేలికగా నేర్చుకోలేదు. ఆకాశం కనబడనంతగా ఎగిరిన ప్రయాణికపావురాలను రైలు పెట్టెలకు పెట్టెలు నింపి అమ్ముకుంటే, చివరి పిట్ట 1914లో సిన్సినాటి జంతుశాలలో పంజరంలో చనిపోయింది. మిన్నెసోటాలోనే 1971లో జింకలు బాగా తగ్గిపోయాయని ఆ ఏడు వేటను పూర్తిగా నిలిపివేశారు. 1937 నుంచి తుపాకుల మీద, తూటాల మీద ప్రత్యేక పన్ను వేసి ఆ డబ్బును వన్యప్రాణుల సంరక్షణకే ఖర్చుపెడుతున్నారు. ఇక్కడ ఒకడు రహస్యంగా రెండో జింకను కొడితే రాజుగారి విందులో ఒక వంటకం తగ్గదు. మరుసటి వారం అదే గేటు ముందు బండి ఆపి నడిచి వెళ్లే మరో భూమిలేనివాడి వంతు పోతుంది. దాన్ని దొంగతనం అనడానికి నాకు సందేహం లేదు.

అయితే మన మెకానిక్కుకు లైసెన్సు ఉంది, ట్యాగు ఉంది, ఆ జింక ఆయన వంతే. అయిదు నిమిషాలు ఆలస్యం, అంతే. ఇది కష్టమైన ప్రశ్న. పునీత తోమాసు అక్వీనాసు చట్టానికి చెప్పిన నిర్వచనంతో కొలిచి చూద్దాం. చట్టమంటే బుద్ధితో చేసిన ఏర్పాటై ఉండాలి, అందరి మేలు కోసం ఉండాలి, సంఘం బాధ్యత ఉన్నవారు చేయాలి, అందరికీ ప్రకటించాలి. అటువంటి న్యాయమైన చట్టం మనస్సాక్షినే కట్టివేస్తుందని ఆయన బోధ. శిక్షకు భయపడి మాత్రమే కాదు, మనస్సాక్షినిబట్టి కూడా లోబడాలని పౌలుగారు రోమీయులకు ముందే రాశారు. ఇక ఈ గడువుకు బుద్ధి ఉందా? ఉంది. మసక వెలుతురులో పొద వెనక కదిలింది జింకో, బండి దగ్గరకు తిరిగి నడుస్తున్న మనిషో తెలియదు. గుండు తగిలి పారిపోయిన జింకను చీకట్లో వెతకలేము. రాత్రంతా అది ఎక్కడో పడి బాధతో చస్తుంది. "ఆ రోజు నాకు అది స్పష్టంగానే కనబడింది" అని ఆయన అన్నాడు. నిజమే కావచ్చు. కాని తన కళ్లు బాగున్నాయని ప్రతివాడూ అనుకుంటాడు. గడియారం పెట్టింది అందుకే. కనుక కాల్చి ఉంటే తప్పేనని, చిన్నదైనా తప్పేనని చెప్పాను. ఆయన తల ఊపి, "నాకూ అలాగే అనిపించింది. కాని ఆ పోతును మరిచిపోలేను ఫాదర్" అన్నాడు. నాకు నవ్వొచ్చింది.

అసలు చంపడమే తప్పు గదా అని మీలో కొందరు అంటారని తెలుసు. మాంసం ముట్టని ఇరుగుపొరుగు మధ్య బతుకుతున్న మనకు ఆ ప్రశ్న సహజం. ఆహారం కోసం జంతువులను వాడుకోవచ్చునని, అవసరం లేకుండా వాటిని బాధపెట్టడం, చంపడం మానవ గౌరవానికే విరుద్ధమని శ్రీసభ సత్యోపదేశం చెబుతోంది. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం చూడండి. గూటిలో తల్లిపక్షి పిల్లల మీదో గుడ్ల మీదో కూర్చుని ఉంటే తల్లిని వదిలేయాలి, పిల్లలను మాత్రం తీసుకోవచ్చు. లేవీయకాండములో, వేటాడినవాడు నెత్తురు నేలమీద పోసి మట్టితో కప్పాలి. అక్కడ వేటకు నిషేధం లేదు, హద్దుంది. గోడకు కొమ్ములు తగిలించుకోవడం కోసమే చంపేవారిని చూస్తే మాత్రం నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. (నన్నూ రమ్మని పిలిచారు. 1917 నాటి శ్రీసభ చట్టం గురువులకు వేట వ్యసనం కూడదని, ఆర్భాటపు వేటకు అసలే వెళ్లరాదని చెప్పింది. 1983 చట్టంలో ఆ నియమం లేదు. అయినా పాత చట్టాన్నే సాకుగా చెప్పి ఇంట్లో వెచ్చగా కూర్చున్నాను.)

నా జవాబులో మిగిలిపోయిన సగం ఇప్పుడు చెబుతాను. అది నాకు సంబంధించినది. గురుపట్టం పొందిన కొత్తలో, అమెరికా వెళ్లడానికి చాలా ముందు, అడవి అంచున ఉన్న ఒక విచారణలో ఉన్నాను. పండుగ ముందు ఒక విశ్వాసి ఆకుల్లో చుట్టిన మాంసం తెచ్చి, "ఫాదరుగారూ, మీకోసం ప్రత్యేకం" అన్నాడు. కణుజు మాంసమని వాసన చూసి వంటమనిషే చెప్పాడు. ఎక్కడిదని నేను అడగలేదు. 1972 చట్టం ప్రకారం అది నేరమని తెలుసు. అయినా తిన్నాను, బాగుందని కూడా అన్నాను. ఆ మరుసటి నెల అదే మనిషి పొలం గట్టున పరచిన కరెంటు తీగ తగిలి పొరుగువాడి కాడెద్దు ఒకటి చచ్చింది. నా కణుజూ ఆ తీగమీదే పడిందని అప్పుడు తెలిసింది. అడవిపందుల కోసం పెట్టే అలాంటి తీగలకు మన రెండు రాష్ట్రాల్లోనూ రైతులు, కూలీలు బలైపోతున్న వార్తలు మీరు చదువుతూనే ఉన్నారు. ఆ రోజు అక్కడ కాలు పెట్టింది ఎద్దు. మనిషి కూడా పెట్టి ఉండవచ్చు.

మన చట్టం కూడా రాజుగారి అడవి లాంటిదే గదా, పేదవాడిని అడగకుండా చేసినదే గదా అని వాదించవచ్చు. నల్లమల చెంచుల విషయంలో ఆ వాదంలో బలముంది. తరతరాలుగా వేటతో బతికినవారికి ఆ పని ఒక్కసారిగా నేరమయింది. 2006 అటవీహక్కుల చట్టం కూడా సంప్రదాయ వేట హక్కును మినహాయించే ఇతర హక్కులు ఇచ్చింది. భారాన్ని అసమానంగా మోపే చట్టం మనస్సాక్షిని అదే విధంగా కట్టివేయదని అక్వీనాసే అన్నారు. ఆకలితో కుందేలును కొట్టిన చెంచువాణ్ని తీర్పు తీర్చడానికి నేను సిద్ధంగా లేను. కాని నాకు మాంసం తెచ్చినవాడు చెంచు కాదు, ఆకలితోనూ లేడు. మిగతాది పట్నంలో హోటలుకు అమ్ముకున్నాడు. తిన్న నేనూ ఆకలితో లేను. అతనికి అడవి 'సర్కారు సొత్తు'. సర్కారుది ఎవరిదీ కాదని మన లెక్క. ఇక వాచరు కంట పడకపోతే చాలు.

పోయిన క్రిస్మసు ముందు ఇప్పుడున్న ఊరిలో ఒకాయన సంచి పట్టుకుని గురువుల బంగళా మెట్లెక్కాడు. కౌజుపిట్టలు. "ఎక్కడివి?" అని అడిగాను. ఫారంవి అంటాడేమోనని ఆశపడ్డాను. ఆయన నేల చూపులు చూశాడు. "వద్దు నాయనా, నేను తీసుకోలేను. మీరూ మానేయండి" అన్నాను. మొహం ఎర్రబడింది. "ఇంతకుముందున్న ఫాదరుగారు తీసుకునేవారు" అని సంచి ఎత్తుకుని వెళ్లిపోయాడు. అది ఏ ఫాదరుగారి మాటో నాకు తెలియదుగాని, నా గురించి అన్నట్టే తగిలింది. పండుగ పూజకు ఆయన రాలేదు. కొత్త సంవత్సరం ఆదివారం వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. సత్ప్రసాదానికి మాత్రం రాలేదు. సోమవారం నేనే ఆయన ఇంటికి వెళ్లాను. టీ ఇచ్చారు. పిట్టల ఊసు ఇద్దరమూ ఎత్తలేదు.