బాస్ గిటారు కొనదగినదేనా?

గనిలో షిఫ్టు ముగించుకొని వచ్చిన మన సాస్తి యువకులు, భజనకు అకూస్టిక్ బాస్ గిటారు కొనుడని సంఘము నడిగిరి. ధర యెంతయని మేము ప్రశ్నించితిమి. అది మొదట అడుగవలసిన ప్రశ్న కాదని తరువాత తోచినది.

విద్యుత్తు లేకయే మ్రోగునని దాని ఆకర్షణ. కాని దాని మంద్రతమ తంత్రి సెకనుకు సుమారు 41 మారులే కంపించును. అంతటి మంద్రనాదమును బలముగా వినిపించుటకు దాని కొయ్యపెట్టె చాలదు. డబుల్ బాస్ మనిషిని మించిన యెత్తుండుట యిందుకే. గదిలో ఒంటరిగా సాధనచేయువానికి ఈ వాద్యము చెవికింపు. డోలకు, తాళముల నడుమ మునిగిపోవును. అప్పుడు మరల ఆంప్లిఫయరు కొనవలసివచ్చును!

ఐనను ప్రత్యేకముగా వినబడనిదెల్ల వ్యర్థమా? తంబురను వినుటకని ఎవరును కచ్చేరికి పోరు. అది లేనినాడు పాటకు నిలుకడ లేదు. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో నుండిన రాజురా తాలూకా మనది. ఎల్లలు మారినను మన యిండ్లలో తెలుగు అట్టి శ్రుతియై నిలిచినది.

కావున నొక నియమము పెట్టితిమి. మామూలు గిటారులోని నాలుగు క్రింది తంత్రులకును బాస్ తంత్రులకును స్వరములు అవియే, ఒక స్థాయి భేదము తప్ప. అరువు తెచ్చిన గిటారుపై ఆరునెలలు సాధన చేసినచో సంఘము కొనును.

“మరి సంఘపు వీణకు ఈ నియమము పెట్టితిరా?” అని వారిలో నొకడు అడిగెను.

ఆ వీణ బీరువామీద గుడ్డ కప్పుకొని యున్నది. మేము మాటాడలేదు.