చిట్టెము చెప్పు సాక్ష్యము

భిలాయి ఉక్కు నగరములో పెక్కు వాడలకు పేర్లు లేవు, అంకెలే కలవు. సెక్టర్ 6 అట్టివానిలో నొకటి. త్రవ్వకములు సాగించు పురావస్తు శాస్త్రజ్ఞుడును తాను తెరచిన సమాధులకు ఇట్లే అంకెలు వేసికొనును. కాని యీ రెండు విధములైన అంకెలకును భేదము కలదు. ఆంధ్రదేశమునుండియో వంగదేశమునుండియో వచ్చి సెక్టర్ 6లో కాపురము పెట్టిన కార్మికుని యింటికి అంకె యున్నను, అతని పేరు కర్మాగారపు పట్టికలో నుండును. సమాధి అంకె వెనుక అట్టి పట్టిక లేదు.

ఈ పోలిక ఊరక తెచ్చినది కాదు. భిలాయి కర్మాగారమునకై సోవియట్ దేశముతో ఒప్పందము 1955లో కుదిరెను. తొలి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించెను. ఆ నడిమి కాలముననే, 1956–57లో, నాటి దుర్గ్ జిల్లాలోనే ధనోరావద్ద ఎం.జి. దీక్షిత్ మహాశిలా సమాధులను త్రవ్వి పరిశీలించెను. ఆ ప్రాంతమునకే చెందిన కర్కాభాట్‌లో తరువాత జరిగిన త్రవ్వకములలో ఇనుప ఆయుధములు బయల్పడినవి. భిలాయికి ఇనుము క్రొత్త యతిథి కాదు.

తెలంగాణలో ఇట్టి సమాధులను పల్లెజనులు రాక్షసగుళ్ళందురు. అంతటి బండలను మనుష్యులెత్తజాలరని వారి తలంపు. ఇది పొగడ్తవలె వినిపించు మరపు. పని గొప్పదైన కొలది చేసినవాడు మనుష్యుడు కాకపోవును! నేటి విద్యావంతులు రాక్షసులను నమ్మరు గాని, వారికిని ఈ మరపు వేరొక రూపమున కలదు. 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వము వెలువరించిన నివేదిక, శివగళైలో ఇనుము వాడుక కాలము క్రీస్తుపూర్వము 3345 వఱకు పోవుచున్నదని తెలిపెను. పండితులు తర్కించుచున్న విషయమిది. అయినను, లోకమున ఇనుము మొదట కరగించినది మనమే యను మాట వెంటనే చెల్లుబడి యయ్యెను. ఆ మనము ఎవరు? కొలిమి ముఖము నెన్నడు నెఱుగని వారును అందు సులువుగ చేరిపోయిరి.

కొలిమి పని అంత సులువు కాదు. మట్టితో కట్టిన కొలిమిలో ఇనుపరాతిని, బొగ్గును వేసి, గంటల తరబడి తిత్తులూదవలెను. ఆ పాతకొలిముల వేడికి ఇనుము నీరు కాదు. తుట్టెవంటి ముద్దయై నిలుచును. రాతిలోని మలినము మాత్రము కరగి చిట్టెమై కారును. ముద్దను మరల మరల కాల్చి, సమ్మెటతో బాది, లోపల మిగిలిన చిట్టెమును వెడలగొట్టవలెను. అట్లు పుట్టిన కత్తి యజమానునితో సమాధిలోనికి పోయి అచట తుప్పు పట్టును. చిట్టెమును ఎవరును దొంగిలింపరు. అది సులభముగ చెడదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో వండిన ఉక్కుకై పారసీక వర్తకులు వచ్చెడివారు. అట్టి ఉక్కుతో చేసిన ఖడ్గములకు డమాస్కస్ పేరు వచ్చెను. కోనసముద్రమునకు మూసల పెంకులును చిట్టెమును మిగిలెను. ఆ చిట్టెము, ఇచట నొకడు చెమటోడ్చెనని చెప్పగలదు. వాని పేరు చెప్పలేదు.

పేరు తెలియనివానికి ఋణపడుట యెట్లని యడుగువారు కలరు. విద్య అందఱి సొత్తు, దానిని మొదట కనుగొన్నవాని లెక్క ఏల యందురు. మూడువేల యేండ్ల నాటివాని విషయమున ఈ మాట చెల్లునేమో. 1904 విషయమున చెల్లదు. ఆ యేడు దొరాబ్జీ టాటాయు, అమెరికా భూగర్భ శాస్త్రజ్ఞుడు చార్లెస్ వెల్డును ఛత్తీస్‌గఢ్ ప్రాంతమున ఇనుపరాతికై వెదకుచుండగా, తట్టలతో ఇనుపరాయి మోసికొనిపోవు స్త్రీపురుషులు కొందఱు ఎదురైరి. వారు అగరియాలు, తరతరములుగ ఇనుము కరగించు తెగవారు. రాయి యెక్కడిదని యడుగగా దూరమున నొక గుట్టను చూపిరి. అది రాజహరా. నీటి కొఱతవలన టాటాలు ఆ చోటు విడిచి సాక్చీకి పోయిరి. అర్ధశతాబ్ది గడచిన పిదప ఆ గుట్టల రాయియే భిలాయి కొలిములకు ఆధారమాయెను. వెల్డు పేరు గ్రంథములలో నిలిచెను. గుట్ట చూపిన చేతికి పేరు లేదు. మహాశిలా సమాధుల పేర్లు పోవుట కాలము చేసిన పని. ఈ పేరు పోవుట వ్రాసినవారు చేసిన పని. అడిగిన పక్షమున చెప్పుటకు ఆ మనుష్యుడు ఎదుటనే నిలిచియుండెను గదా!

ఆ తరువాత అడవి చట్టములవలన బొగ్గు కఱవై, కొలిమి పన్నులు భారమై, దిగుమతి ఇనుము చవకయై, అగరియాల కొలిములు చల్లారుచు వచ్చెను. వెరియర్ ఎల్విన్ 1942లో వారినిగూర్చి గ్రంథము వెలువరించునాటికి, బ్రదికియున్న ఆ తెగ విద్య అప్పుడే పురావస్తువు కాజొచ్చెను.

రాజహరా గనులలో చేతితో రాయి త్రవ్విన ఒప్పందపు కూలీలు 1977లో సంఘముగ నేర్పడిరి. వారిలో స్త్రీలు పెక్కుమంది. వారు త్రవ్విన రాయి భిలాయికి పోవుచుండెను; వారి పేర్లు మాత్రము గుత్తేదారుల చిట్టాలలోనే యుండెను.